ఈ నెల పాఠం: టర్బో బైకు త్వరణాన్ని ఎలా కొలుస్తారు?



తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రంలో ‘చలనం’ పాఠం వచ్చినప్పుడు చాలామంది పిల్లలు సూత్రాలు బట్టీపట్టి లెక్కలు చేసేస్తారు. త్వరణం అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పమంటే మాత్రం తడబడతారు. అదే పిల్లలు ఏ బైకు ఎన్ని సెకన్లలో ఎంత వేగం అందుకుంటుందో టకటకా చెప్పేస్తారు. ఆ ఇష్టాన్నే ఈ నెల పాఠంగా తీసుకుందాం. పదో తరగతి పిల్లలకూ ఇది మంచి పునశ్చరణ.

టర్బో అంటే ఏమిటి?

ఇంజిన్‌లో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఎక్కువ గాలి అందితే ఎక్కువ పెట్రోలు మండుతుంది, ఎక్కువ శక్తి వస్తుంది. మామూలు ఇంజిన్‌లో పొగగొట్టం ద్వారా వేడి వాయువులు ఊరికే బయటికి పోతాయి. టర్బో ఉన్న ఇంజిన్‌లో ఆ వాయువులు ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెడుతుంది.

1980ల మొదట్లో జపాన్‌లోని నాలుగు పెద్ద కంపెనీలు హోండా, యమహా, సుజుకి, కవాసాకి టర్బో బైకులను అమ్మకానికి తెచ్చాయి. 1982లో వచ్చిన హోండా సీఎక్స్500 టర్బో వాటిలో మొదటిది. వీటిలో బాగా వేగమైనదిగా పేరు తెచ్చుకున్నది కవాసాకి జీపీజెడ్750 టర్బో. దాని ఇంజిన్ 738 సీసీ, శక్తి 112 హార్స్‌పవర్.

టర్బోకు ఒక బలహీనత ఉంది. యాక్సిలరేటర్ తిప్పగానే శక్తి రాదు. ముందు పొగ వాయువులు పెరగాలి, టర్బైన్ వేగం అందుకోవాలి, ఆ తర్వాతే అదనపు గాలి లోపలికి వెళుతుంది. ఈ ఆలస్యాన్నే ‘టర్బో ల్యాగ్’ అంటారు. దాన్ని తగ్గించడానికే కవాసాకి ఇంజనీర్లు టర్బోను ఇంజిన్ ముందు భాగంలో, పొగ బయటికి వచ్చే చోటికి బాగా దగ్గరగా అమర్చారు.

పరీక్ష ఎలా చేస్తారు?

అమెరికాలో ఇలాంటి పరీక్షకు పావు మైలు, అంటే 402 మీటర్ల తిన్నని ట్రాక్‌ను వాడతారు. బయలుదేరే గీత దగ్గర ఒక కాంతి కిరణం, చివర మరొకటి ఉంటాయి. ముందు చక్రం మొదటి కిరణాన్ని దాటగానే గడియారం మొదలవుతుంది, చివరి కిరణాన్ని తాకగానే ఆగుతుంది. చక్రం కదిలాకే గడియారం మొదలవుతుంది కాబట్టి, పచ్చదీపం చూసి రైడర్ స్పందించడానికి పట్టిన సమయం ఇందులో కలవదు. ట్రాక్ చివరి 20 మీటర్లకు పట్టిన సమయాన్ని విడిగా కొలిచి, దాని నుంచి చివరి వేగాన్ని లెక్కిస్తారు.

ఇక్కడ రైడర్ ఇంజిన్‌ను ముందే గట్టిగా తిప్పి ఉంచుతాడు కాబట్టి ల్యాగ్ పెద్దగా కనిపించదు. దాన్ని పట్టుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. పై గేరులో ఒకే వేగంతో వెళుతూ, ఒక్కసారిగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, నిర్ణీత వేగం చేరడానికి ఎంత సమయం పట్టిందో చూస్తారు. ఏ పరీక్షనైనా ఒక్కసారి చేసి వదిలేయరు. గాలి, ఎండ, రైడర్ బరువు ఫలితాన్ని మారుస్తాయి కాబట్టి మళ్లీ మళ్లీ చేసి పోలుస్తారు.

లెక్క చేసి చూద్దాం

జీపీజెడ్750 టర్బోకు 402 మీటర్లు దాటడానికి సుమారు 11 సెకన్లు పట్టేది. ఈ రెండు అంకెలు చాలు, పాఠంలోని సూత్రాలు వాడొచ్చు.

సగటు వేగం: 402 ÷ 11 = సెకనుకు సుమారు 36.5 మీటర్లు, అంటే గంటకు సుమారు 132 కిలోమీటర్లు.

త్వరణం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందనుకుంటే, చివరి వేగం సగటు వేగానికి రెట్టింపు కావాలి. అంటే గంటకు సుమారు 263 కిలోమీటర్లు. కానీ ట్రాక్ చివర నిజంగా కొలిస్తే వచ్చింది గంటకు 190–200 కిలోమీటర్లే!

ఇప్పుడు మీ పిల్లల్ని అడగండి: తేడా ఎందుకు వచ్చింది? సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు. అది సమత్వరణానికి మాత్రమే వర్తిస్తుంది. బైకు త్వరణం మొదట్లో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతుంది. గేరు పెరిగేకొద్దీ చక్రం దగ్గర తోసే బలం తగ్గుతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. పరీక్షలో సూత్రం రాసే ముందు ‘ఇక్కడ త్వరణం స్థిరంగా ఉందా?’ అని ప్రశ్నించుకునే విద్యార్థికి ఈ పాఠం నిజంగా వచ్చినట్టే.

ఇంట్లో చేయదగిన ప్రయోగం

వైరింగ్‌కు వాడే కేసింగ్ పట్టీ గానీ, నిలువునా కోసిన పీవీసీ పైపు ముక్క గానీ ఒకటిన్నర మీటర్ల పొడవుది తీసుకోండి. ఒక చివర కింద రెండు మూడు నోటుపుస్తకాలు పెట్టి కొద్దిగా ఎత్తు చేయండి. పైనుంచి 30 సెంటీమీటర్ల దగ్గర, 120 సెంటీమీటర్ల దగ్గర గుర్తులు పెట్టండి. గోళీని తోయకుండా వదిలి, ఫోన్‌లో వీడియో తీసి, ఒక్కో గుర్తు చేరడానికి పట్టిన సమయం చూడండి. అయిదుసార్లు చేసి సగటు తీయండి.

దూరం నాలుగింతలైనా సమయం సుమారు రెండింతలే అవుతుంది. నాలుగు వందల ఏళ్ల క్రితం గెలీలియో వాలుబల్ల మీద గోళాన్ని దొర్లించి కనుక్కున్నది ఇదే. అప్పుడు ఆయన దగ్గర స్టాప్‌వాచ్ లేదు. పాత్రలోంచి కారిన నీటిని తూచి సమయం కొలిచాడు.

రోడ్డు ట్రాక్ కాదు

ఇదే పాఠంలో బ్రేకు లెక్క కూడా ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చినది చూసి బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆ దూరం అప్పటికే అయిపోయింది. తర్వాత గట్టిగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 23 మీటర్లు కావాలి. మొత్తం సుమారు 40 మీటర్లు. అదే 100 కిలోమీటర్ల వేగంలో 90 మీటర్లు దాటుతుంది. ఈ లెక్క పిల్లలతోనే చేయించండి. మనం పదిసార్లు చెప్పిన మాటకన్నా వాళ్లు ఒకసారి చేసిన లెక్క ఎక్కువ గుర్తుంటుంది.

గేర్లున్న బైకు నడపడానికి చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే బాధ్యత తల్లిదండ్రులది లేదా బండి యజమానిది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ట్యూషన్‌కు ఆలస్యమవుతోందని తాళంచెవి చేతికిచ్చే ముందు ఈ విషయాలు దయచేసి గుర్తుచేసుకోండి.

పిల్లలతో మాట్లాడటానికి మూడు ప్రశ్నలు

1. వేగం ఎక్కువగా ఉండి త్వరణం సున్నా అయ్యే సందర్భం ఒకటి చెప్పు.
2. టర్బో ల్యాగ్ ఉన్న బైకుకు వేగం–కాలం గ్రాఫ్ ఎలా ఉంటుందో గీసి చూపించు.
3. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం ఎన్ని రెట్లవుతుంది? ఎందుకు?

గోళీ ప్రయోగంలో వచ్చిన అంకెలను నోటుపుస్తకంలో పట్టికగా రాయించి, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు తీసుకురండి. భౌతికశాస్త్రం ఉపాధ్యాయులు చూసి, గ్రాఫ్ గీయడంలో సాయం చేస్తారు.