మెదడుకు స్వల్ప విద్యుత్తు: పెద్దల జ్ఞాపకశక్తికి ఎంత ఆసరా?

ఇంట్లో పెద్దవారు ఒకే ప్రశ్న పదేపదే అడుగుతుంటే ‘వయసు మీద పడింది’ అని సరిపెట్టుకుంటాం. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. అందువల్ల, తలపై నుంచి కరెంటు పంపి జ్ఞాపకశక్తిని కాపాడవచ్చన్న వార్త వస్తే ఎన్నో కుటుంబాలు ఆశపడతాయి. ఆ ఆశ ఎంతవరకు సబబో చూద్దాం.

ఈ పద్ధతిలో ఆపరేషన్ లేదు, మత్తు లేదు. ఉప్పునీటితో తడిపిన స్పాంజి పట్టీలను తలకు అమర్చి, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటును ఇరవై, ముప్పై నిమిషాలు పంపుతారు. మత్తిచ్చి చేసే షాక్ చికిత్స వేరు, ఇది వేరు. ఈ కరెంటు నాడీకణాలచేత బలవంతంగా పని చేయించదు, పనికి సిద్ధం చేస్తుంది. మా తరగతి భాషలో చెప్పాలంటే, ఇది పిల్లవాడి చెయ్యి పట్టి పైకెత్తడం కాదు, తానే ఎత్తేలా ఉత్సాహపరచడం. 2000లో జర్మనీలోని గోటింగెన్ శాస్త్రజ్ఞులు నిట్షే, పౌలుస్ ఈ మార్పును మనుషుల్లో కొలిచి చూపారు.

కెనడాలోని టొరంటోలో అరవై దాటిన 375 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో వెలువడ్డాయి. కొందరికి కరెంటుతోపాటు మెదడుకు పదునుపెట్టే అభ్యాసాలు ఇచ్చారు. మిగిలినవారికి రెండూ ఉత్తుత్తివే. కొన్నేళ్లు గమనించగా మొదటి బృందంలో జ్ఞానశక్తి క్షీణత నెమ్మదించింది. గతంలో డిప్రెషన్ వచ్చి కోలుకున్నవారికి మేలు ఎక్కువగా కనిపించింది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. క్షీణత నెమ్మదించిందే తప్ప పోయిన జ్ఞాపకాలు తిరిగి రాలేదు. కరెంటు, అభ్యాసం కలిపి ఇచ్చారు కనుక ఏది ఎంత మేలు చేసిందో ఈ పరీక్ష విడదీసి చెప్పలేదు.

కాబట్టి దాతలకు మా మనవి: ఇలాంటి యంత్రాలు కొని ఇళ్లకు పంచవద్దు. సరిగా వాడకపోతే చర్మం కాలవచ్చు. తలలో లోహపు అమరికలు ఉన్నవారికి ప్రమాదం కావచ్చు. ఆ సొమ్ముతో పెద్దల వినికిడి, చూపు, బీపీ, షుగర్ పరీక్షలు చేయించండి. మతిమరుపు మొదలైనవారిని నాడీవైద్యుని వద్దకు చేర్చండి. వారితో రోజూ కూర్చుని చదివించే, మాట్లాడించే మనుషుల్ని ఏర్పాటు చేయండి. పరిశోధన ఎటు తేలినా ఈ సేవ వృథా పోదు.