వరి ఈనకముందే

గేదె చూలు మోసి ఈనుతుంది. వరి పొట్ట పోసుకుని ఈనుతుంది. మన పల్లెల్లో రెండింటికీ ఒకటే మాట. వరి పొట్ట మీదున్న ఆ రోజుల్లోనే గట్టు లోపల ఇంకొక ప్రాణి కూడా ఈనుతుంది. కంటికి కనపడదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఎలుకల మందు పంచే వ్యవసాయ సహాయకులకూ, కౌలుకు చేసుకునే రైతులకూ, ఎలుకలను పట్టే బుట్టలు పెట్టే కూలీలకూ ఆ గట్టు లోపలి ఈత గురించే చెప్పాలని ఇది రాస్తున్నాను.

మనం ఎలుకల మీదికి ఎప్పుడు కదులుతాం? చేలో కంకులు తెగిపడ్డప్పుడు. పిలకలు కొడవలితో ఏటవాలుగా కోసినట్టు కనపడ్డప్పుడు. అప్పుడు మందు కోసం పరుగు, బుట్టలవాళ్ల కోసం కబురు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఎందుకు ఆలస్యమైందో తెలియాలంటే ఎలుక ఏ తిండి తిని పిల్లల్ని కంటుందో ముందు తెలియాలి.

గోదాములో బతికే ఎలుకకు తిండి కరువు లేదు, అది ఏడాది పొడుగునా ఈనగలదు. పొలంలో ఉన్నదానికి ఆ వీలు లేదు. చేను ఖాళీగా ఉన్న నెలల్లో గడ్డి దుంపలు, కలుపు గింజలు, నత్తలు, పీతలు తిని ప్రాణం నిలుపుకుంటుంది. ప్రాణం నిలవడం వేరు, చూలు మొయ్యడం వేరు. పాలిచ్చే రోజుల్లోనైతే తల్లికి తిండి ఇంకా ఎంతో ఎక్కువ కావాలి. ఆ బలం దొరుకుతుందన్న నమ్మకం కలిగించే తిండి వచ్చేదాకా ఒళ్లు ఈతకు సిద్ధం కాదు.

ఆ సంగతి ఒళ్లు ఎలా పసిగడుతుంది? అమెరికా పడమటి కొండల్లో వోల్ అనే చిన్న ఎలుకజాతి ప్రాణి ఉంది. లేత గడ్డి మొలకల్లో ఉండే ఒక రసాయనం దాని ఒంట్లో పడితే ఈతకాలం మొదలవుతుందని 1981లో శాస్త్రవేత్తలు చూపించారు. పచ్చిక చిగురు వేసిందంటే ముందు తిండి ఉందని అర్థం. గడ్డే ఆ కబురు చెబుతోందన్నమాట.

ఎంత తిండి అన్న దానితో పాటు ఏ తిండి అన్నదీ ముఖ్యమే. ఫ్రాన్సులో ఆల్సాస్ ప్రాంతపు పొలాల్లో అడవి హామ్‌స్టర్లు అనే ఎలుకజాతి ప్రాణులు ఉంటాయి. ఒకప్పుడు రకరకాల పైర్లున్న చోట మొక్కజొన్న పరుచుకున్నాక అవి బాగా తగ్గిపోయాయి. స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 2017లో ప్రకటించిన పనిలో కారణం ఒకటి బయటపడింది. మొక్కజొన్న మీద పెంచిన తల్లులు ఈనిన పిల్లల్ని తామే తినేశాయి. ఆకలి వల్ల కాదు. మొక్కజొన్నలోని బి3 విటమిన్ అలాగే తింటే ఒంటికి సరిగా పట్టదు. ఆ విటమిన్ కలిపి పెడితే తల్లులు పిల్లల్ని సవ్యంగా పెంచాయి. అక్కడ ఆ ప్రాణి అంతరించిపోకుండా తిండి మార్చాలని చూస్తున్నారు. ఇక్కడ మన పంట దక్కాలంటే తిండి వెళ్లి ఎలుకను చేరకముందే మనం చేరాలి.

ఇండొనేషియా, వియత్నాం వరి పొలాల ఎలుకలను ఏళ్ల తరబడి గమనించినవారు తేల్చింది ఇది: పిలకలు పూర్తయి అంకురం ఏర్పడే వేళకు ఆడవి ఎదకొస్తాయి, చేను పొట్ట మీదున్నప్పుడు ఈనుతాయి. మన డెల్టాలో ఎక్కువ నష్టం చేసే చిన్న పందికొక్కు కూడా పైరు పొట్టకొచ్చే కాలంలోనే జోరుగా పెరుగుతుంది. చూలు మూడు వారాలు. ఈతకు ఆరేడు పిల్లలు. ఈనిన కొద్ది రోజులకే మళ్లీ కట్టగలదు. నాలుగు వారాలకు పిల్లలు పాలు మాని గింజ మీద పడతాయి. సరిగ్గా అప్పటికి చేలో గింజ పాలుపోసుకుని గట్టిపడుతూ ఉంటుంది. పిలక దశలో పట్టిన ఒక ఆడ ఎలుక, కోతల నాటికి పది పదిహేను ఎలుకలతో సమానం. కంకులు తెగాక పట్టిన ఎలుక ఒకటే.

ఇంకో నష్టం కూడా ఉంది. గింజ పాలుపోసుకున్నాక ఎలుకకు మన నూకల ఎర రుచించదు. కంకి ఎదురుగా ఉండగా కన్నంలో పెట్టిన పొట్లం ఎందుకు ముడుతుంది? పొట్లాలు అలాగే ఉండిపోయాయని రైతు మందును తిడతాడు. మందు తప్పు కాదు, తేదీ తప్పు.

అందుకని తేదీతో మొదలుపెట్టండి. కోత నుంచి వెనక్కి లెక్కేస్తే సుమారు 30 రోజుల ముందు చేను ఈనుతుంది, దానికి ఇంకో 30 రోజుల ముందు అంకురం. స్వర్ణ లాంటి 150 రోజుల రకమైతే నాటిన ఆరు వారాల లోపు, 120 రోజుల రకమైతే నాలుగు వారాల లోపు పని ముగియాలి. నారుమడి దశలోనే గట్లు చూసి మొదలుపెడితే మరీ మంచిది.

సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూయండి. తెల్లారి తెరుచుకున్నవే ఎలుక ఉన్న కన్నాలు, మందు వాటికే. కిలో ఎరకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల 0.25 శాతం బ్రోమోడయోలోన్ కలిపి, 15 గ్రాముల చొప్పున కాగితం పొట్లాలు కట్టి లోపలికి వేయండి. వారం పది రోజులకు మళ్లీ కన్నాలు మూసి చూడండి. జింకు ఫాస్ఫైడ్ వాడదలిస్తే ముందు రెండు రోజులు మందు లేని ఎర అలవాటు చెయ్యాలి. సగం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర ముట్టదు. జింకు ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు. చేతికి తొడుగు లేకుండా కలపొద్దు, వంటపాత్రల్లో కలపొద్దు, మిగిలినదాన్ని ఇంటికి తేవొద్దు. చచ్చిన ఎలుకలను పూడ్చిపెట్టండి, లేకపోతే వాటిని తిన్న గుడ్లగూబ కూడా చావొచ్చు. రాత్రిపూట మన చేను కాసేది ఆ పిట్టే.

బుట్టలు పెట్టేవారు, కన్నాలు తవ్వి పొగబెట్టే యానాది కుటుంబాలవారు ఈ విద్యలో అందరికంటే ముందున్నవారు. కంకి తెగాక కాకుండా పిలక దశలోనే వాళ్లను పిలిచి కూలి ఇవ్వండి. ఎలుకకింత అని ఇచ్చే లెక్కలో తొలి రోజుల్లో దొరికే ఎలుకలు తక్కువ, కాబట్టి అప్పుడు ధర పెంచి ఇవ్వడమే న్యాయం. ఆ పని చేసేవాళ్లకు ఒక మాట: ఎలుక మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. కాళ్లకు పుండ్లుంటే బూట్లు లేకుండా దిగొద్దు. జ్వరంతో పిక్కలు నొప్పెట్టి కళ్లు ఎర్రబడితే ఆసుపత్రికి వెళ్లి మీ పని ఏమిటో డాక్టరుకు చెప్పండి.

ఒక్క రైతు చేస్తే లాభం లేదు. పక్క చేలోంచి కొద్ది రోజుల్లో మళ్లీ వచ్చేస్తాయి. నాట్లు కూడా ఆయకట్టులో రెండు వారాల తేడాలో పడాలి. ఒకరు ముందు, ఒకరు నెల తర్వాత నాటితే ఒక చేలో గింజ గట్టిపడే వేళకు ఇంకొకటి పొట్ట మీదుంటుంది. ఎలుకకు ఈతకాలం సాగుతుంది, ఒక ఈత అదనం. గట్లు అడుగు వెడల్పుకు మించకుండా చెక్కితే కన్నానికి చోటుండదు. సార్వా కోశాక రాలిన గింజ, కోతకు మిగిలిన మోళ్ల చిగుళ్లు దాళ్వా దాకా ఎలుకకు గాదెలాంటివి. మెషిను కోతల్లో ఈ రాలుడు చూసుకోవాలి.

ఈసారి నాట్లు పడిన తేదీని గోడ క్యాలెండరు మీద రాయండి. పక్కనే ఆరు వారాల తర్వాతి తేదీ, 120 రోజుల రకమైతే నాలుగు వారాల తర్వాతి తేదీ కూడా రాయండి. ఊరంతా కలిసి మందు పెట్టే రోజును దానికి ముందే ఖాయం చేసుకోండి.