తడి దారి, పొడి దారి: పందెపు మోటారు సైకిళ్ళకు టైర్ల ఎంపిక

మోటారు సైకిలు పందేలను తిలకించే వారి దృష్టి సాధారణంగా ఇంజను శక్తి మీద, చోదకుని సాహసం మీద నిలుస్తుంది. అయితే ఆ శక్తినంతటినీ నేలకు అందించేవి రెండు టైర్లు మాత్రమే. ఏ క్షణాన చూసినా ఒక్కొక్క టైరులో నేలను తాకే భాగం ఇంచుమించు అరచేయి అంత ఉంటుంది. ఆ కొద్దిపాటి రబ్బరు ఆధారంతోనే గ్రాండ్ ప్రి చోదకులు మలుపులలో బండిని అరవై డిగ్రీలకు పైగా ఒరిగిస్తారు. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొట్టమొదటి మోటో జీపీ పందెం జరిగిన తరువాత ఈ క్రీడపై మన యువకులలో ఆసక్తి మరింత పెరగడం సహజం. ఎండలో, వానలో ఏ టైరును ఎందుకు ఎంచుకుంటారో, ఆ ఎంపిక వెనుకగల శాస్త్రమేమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రబ్బరు పట్టు రెండు విధాలు

రబ్బరు నేలను రెండు విధాలుగా పట్టుకుంటుంది. మొదటిది, రబ్బరు అణువులకు, దారి ఉపరితలానికి మధ్య కలిగే ఆకర్షణ. రెండవది, దారిలోని సన్నని రాళ్ళ మొనల చుట్టూ రబ్బరు ఒదిగి, మెల్లగా పూర్వాకృతికి వచ్చేటప్పుడు కలిగే నిరోధం. నడుమ పలుచని నీటిపొర చేరితే మొదటి విధమైన పట్టు చాలవరకు నశిస్తుంది. అప్పుడు రెండవదే ప్రధానమైన ఆధారం.

ఈ రెండూ ఉష్ణోగ్రతపై ఆధారపడి ఉంటాయి. చల్లని రబ్బరు బిగుసుకొని నేలకు ఒదగదు. మితిమీరి వేడెక్కిన రబ్బరు మెత్తబడి, చిరిగి, జారుతుంది. రబ్బరులో కలిపే కార్బన్ మసి, సిలికా, నూనెలు, గంధకం పాళ్ళను బట్టి ప్రతి మిశ్రమానికీ తనదైన ఉష్ణోగ్రతా పరిధి ఏర్పడుతుంది. టైరు ఎంపిక అంటే ఆ పరిధికి, ఆనాటి దారికి పొత్తు కుదర్చడమే.

పొడి దారికి నున్నని టైరు

పొడి దారిపై వాడే టైరును స్లిక్ అంటారు. దానిపై గాళ్ళుండవు. గాళ్ళు లేనందువలన నేలను తాకే రబ్బరు ఎక్కువగా ఉంటుంది, ఒత్తిడికి అటూ ఇటూ మెలికలు తిరగదు. పందేనికి ముందు దీనిని విద్యుత్తుతో వేడెక్కే దుప్పట్లలో చుట్టి, సుమారు 80 నుండి 90 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు.

స్లిక్‌లలో మెత్తనివి, మధ్యరకంవి, గట్టివి ఉంటాయి. మెత్తనిది త్వరగా వేడెక్కి మంచి పట్టునిస్తుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టిది ఆలస్యంగా వేడెక్కినా ఎక్కువ చుట్లు నిలుస్తుంది. ఎంపికకు గాలి వేడికన్నా దారి వేడి ముఖ్యం. మండుటెండలో నల్లని తారు గాలికన్నా ఎంతో ఎక్కువగా కాగుతుంది. దారి గరుకుదనం, పందెం నిడివి, మలుపుల దిశ కూడా లెక్కలోకి వస్తాయి. జర్మనీలోని సాక్సెన్‌రింగ్‌లో 13 మలుపులుండగా వాటిలో 10 ఎడమవైపువే. అటువంటి చోట ఎక్కువగా పనిచేసే ఎడమవైపున గట్టి రబ్బరు, చల్లబడిపోయే కుడివైపున మెత్తని రబ్బరు గల టైర్లను వాడతారు.

తడి దారికి గాళ్ళ టైరు

నున్నని టైరుకు వానలో రెండు ఆపదలు. నీరు తప్పుకొని పోయే దారి లేక టైరు ముందు చీలవలె చేరి దానిని నేలనుండి పైకెత్తుతుంది. అప్పుడు బండి నీటిపై తేలుతుంది. చోదకుని అదుపు తప్పుతుంది. వేగం పెరిగినకొద్దీ, నీటిలోతు పెరిగినకొద్దీ ఈ ప్రమాదం ఎక్కువవుతుంది. రెండవది, నీరు టైరును చల్లార్చివేయడం.

వాన టైరు ఈ రెండింటికీ విరుగుడు. దాని గాళ్ళు నీటిని పక్కలకు తరిమివేస్తాయి. దాని మిశ్రమం ఎంతో మెత్తనిది కనుక తక్కువ వేడిలోనే నేలకు ఒదుగుతుంది. ఇంతటి టైరుకు కూడా హద్దున్నది. 2018 ఆగస్టులో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో కొత్తగా పరచిన దారిపై నీరు నిలిచిపోయినందున పందెమే రద్దయింది.

వాన వెలిసి దారి ఆరితే ఇదే టైరు భారమవుతుంది. చల్లార్చే నీరు లేక మెత్తని రబ్బరు మితిమీరి వేడెక్కుతుంది. గాళ్ళ మధ్యనున్న దిమ్మెలు కదిలి, ముక్కలై ఊడిపోతాయి.

ఎంపికకు పరీక్ష: మారే వాతావరణం

పూర్తి ఎండలోను, ఎడతెగని వానలోను ఎంపిక సులభమే. దారి సగం తడిగా ఉన్నప్పుడే అసలు పరీక్ష. దారి స్థితి మారినప్పుడు పందెం ఆపకుండా, వేరొక టైర్లు బిగించిన రెండవ బండిని ఎక్కేందుకు మోటో జీపీ నియమాలు 2005 నుండి అనుమతించాయి. చోదకులు ఆ విధంగా పందెం మధ్యలో బండ్లు మార్చుకోవడం 2006లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలండ్‌లో మొదటిసారి జరిగింది.

ఇందుకు మూడు ఉదాహరణలు చాలు. 2016లో చెక్ దేశంలోని బర్నోలో తడి దారిపై పందెం మొదలైంది. అధిక సంఖ్యాకులు మెత్తని వాన టైర్లను నమ్ముకున్నారు. కాల్ క్రచ్‌లో ముందూ వెనుకా గట్టి వాన టైర్లనే ఎంచుకొని, తొలిచుట్లలో బాగా వెనుకబడ్డాడు. దారి ఆరుతున్నకొద్దీ ఇతరుల టైర్లు పాడైపోగా, ఆయన ఒక్కొక్కరినే దాటి గెలిచాడు. 1981లో బారీ షీన్ తరువాత ప్రధాన తరగతిలో గెలిచిన మొదటి బ్రిటిష్ చోదకుడు ఆయనే.

మరుసటి సంవత్సరం అదే బర్నోలో మార్క్ మార్కెజ్ మెత్తని వాన టైరుతో బయలుదేరి వెనుకబడ్డాడు. దారి ఆరుతున్నదని గ్రహించి తొలిచుట్లలోనే స్లిక్ బండికి మారి, 12 సెకన్లకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. 2021 ఆగస్టులో ఆస్ట్రియాలో పందెం చివరి చుట్లలో వాన పడగా ముందున్నవారు బండ్లు మార్చుకునేందుకు వెళ్ళారు. బ్రాడ్ బైండర్ మాత్రం స్లిక్‌లతోనే తడిలో నిలదొక్కుకొని విజయం సాధించాడు. మిగిలిన చుట్లు కొద్దివి కావడమే ఆ సాహసాన్ని సార్థకం చేసింది. మరికొన్ని చుట్లుంటే ఫలితం వేరై ఉండేది.

ఈ ముగ్గురూ తమ ముందున్న దారిని మాత్రమే చూడలేదు. మరి కొన్ని నిమిషాలకు ఆ దారి ఎట్లుండునో, ఇంకెన్ని చుట్లు మిగిలినవో లెక్కించారు. టైరు ఎంపికలోని కీలకమంతా ఇందులోనే ఉన్నది.

మనము నేర్వవలసినది

పందెపు బండ్లకు నున్నని టైర్లుంటాయి కనుక అరిగి నున్నబడిన టైరు కూడా మంచి పట్టునిస్తుందని మనలో కొందరి అపోహ. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. స్లిక్‌లోని రబ్బరు ప్రత్యేకంగా మెత్తగా చేసినది, బాగా వేడెక్కిన తరువాతనే పనిచేసేది, వాన పడగానే విడిచిపెట్టదగినది. మన బండి టైరు వేల కిలోమీటర్లు మన్నడానికి చేసిన గట్టి రబ్బరు. అది అరిగితే స్లిక్ గుణం రాదు. వానటైరు గుణమూ పోతుంది. ఎండ తరువాత కురిసే తొలకరి జల్లుకు రోడ్డుమీది నూనె, దుమ్ము కలిసి జారుడు మరింత పెరుగుతుంది. అట్టి సమయంలో నున్నని టైరుతో గట్టిగా బ్రేకు వేస్తే బండి ఆగదు, జారుతుంది.

కాబట్టి వర్షాకాలానికి ముందే టైరు గాళ్ళలోని చిన్న గట్లను పరిశీలించాలి. టైరు అరిగి ఆ గట్లతో సమమైతే దానిని మార్చవలసినదే. గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, తయారీదారు చెప్పిన కొలత ప్రకారం నింపాలి. పందెపు స్లిక్‌ను వీధిలో వాడరాదు. వాన పడుతున్నప్పుడు వేగం తగ్గించి, ముందు వాహనానికి మరింత దూరంలో నడపాలి.

పందెంలో ఎంపిక తప్పితే బహుమతి పోవచ్చు. అక్కడ శిరస్త్రాణం, తోలు దుస్తులు, కంకర మైదానాలు, సిద్ధంగా నిలిచిన వైద్యులు ఉంటారు. మన వీధులలో అవేవీ లేవు. ప్రతి ఉదయం కళాశాలకు బయలుదేరే ముందు ఒక్క నిమిషం వంగి టైరును పరిశీలించే విద్యార్థి తన ప్రాణాన్ని, ఇంటివద్ద ఎదురుచూచే తల్లిదండ్రుల మనశ్శాంతిని కాపాడుకున్నవాడౌతాడు.