తెల్లకణాలను ఎదగనిచ్చే మందు

“క్యాన్సర్‌కు సూదిమందు కాకుండా క్యాప్సూళ్లు ఇస్తున్నారేమిటి సిస్టర్?” అని బంధువులు అడుగుతుంటారు. ఆట్రా అనే ఈ మందు అన్ని రక్త క్యాన్సర్లకూ పనిచేయదు. డాక్టర్లు ఎ.పి.ఎల్. అని పిలిచే ఒక రకానికే ఇస్తారు.

మన తెల్లకణాలు ఎముకల మూలుగలో పుడతాయి. మెట్టుమెట్టుగా ఎదిగిన తర్వాతే వాటికి క్రిములను మింగి చంపే శక్తి వస్తుంది. ఎ.పి.ఎల్.లో ఈ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. పనికిరాని పసికణాలతో మూలుగ నిండిపోయి జ్వరం, రక్తస్రావం మొదలవుతాయి.

కణం ఎలా ఎదుగుతుందో మనిషి ఎముకలోకి తొంగిచూసి తెలుసుకోలేము కదా! అందుకే ప్రయోగశాలలో పెంచే కణాలు కావాలి. 1977లో అమెరికా శాస్త్రజ్ఞులు, లుకేమియా ఉన్న ఒక స్త్రీ రక్తం నుండి పెంచిన కణాల గురించి ప్రకటించారు. వాటి పేరు హెచ్.ఎల్.-60. పాలలో పెరుగు తోడు వేసినట్లు, కొన్ని కణాలను కొత్త పోషక ద్రవంలో వేస్తే మళ్లీ వృద్ధి అవుతాయి. వాటికి విటమిన్ ఎ నుండి వచ్చే రెటినాయిక్ ఆసిడ్ కలిపితే, క్రిములను మింగే కణాలుగా ఎదిగాయని 1980లో తెలిసింది. అదే కణాలు విటమిన్ డి చురుకైన రూపంతో మరో దారి పట్టి, మోనోసైట్ల వంటివి అవుతాయి.

ఇవి క్యాన్సర్ కణాలే గనుక అచ్చం ఆరోగ్యమైన కణాల్లా ప్రవర్తించవు. పైగా ఆ స్త్రీకి ఉన్నది ఎ.పి.ఎల్. కాదని తర్వాతి పరిశీలనలో తేలింది! కాబట్టి రోగులలో చూసి నిర్ధారించవలసి వచ్చింది. షాంఘైలో డాక్టర్ వాంగ్ జెన్‌యీ బృందం 24 మంది ఎ.పి.ఎల్. రోగులకు ఆట్రా ఇచ్చి, అందరికీ వ్యాధి లొంగిందని 1988లో ప్రకటించింది. అయితే ఇదొక్కటే వాడితే చాలామందికి వ్యాధి తిరగబెట్టింది. అందుకే ఇప్పుడు ఆర్సెనిక్ మందు గాని, కీమోథెరపీ గాని జతచేస్తారు.

క్యాప్సూళ్లను భోజనంతో ఇవ్వండి. రక్తస్రావం తగ్గింది కదా అని మానిపించవద్దు. షాపులో దొరికే విటమిన్ ఎ మాత్రలు దీనికి బదులు కావు, ఎక్కువైతే హాని చేస్తాయి. గర్భిణులకు ఈ మందు బిడ్డకు ప్రమాదకరం గనుక ముందే డాక్టరుగారికి చెప్పండి.

మొదటి వారాలలో రోజూ బరువు చూడండి. కణాలు ఒక్కసారిగా ఎదగడం వల్ల కొందరికి ఆయాసం, జ్వరం, కాళ్లవాపు వస్తాయి, బరువు త్వరగా పెరుగుతుంది. వీటిలో ఏది కనిపించినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.