చెవిలో ఈల: షూటింగ్ రేంజ్‌కి ఏ ఇయర్‌ప్లగ్ కొనాలి?

టోలిచౌకిలో ఉంటూ "షూటింగ్‌కి వెళ్తున్నా" అంటే ఎవరూ సీరియస్‌గా తీసుకోరు. పక్కనే ఫిల్మ్‌నగర్ కదా, "ఏ హీరోది?" అని అడుగుతారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అంకుల్ ఇప్పటికీ నేను జూనియర్ ఆర్టిస్ట్‌ననే అనుకుంటున్నాడు.

నేను వెళ్లేది పిస్టల్ షూటింగ్‌కి. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ నాలుగు మెడల్స్ తెచ్చినప్పుడు పట్టుకున్న పిచ్చి ఇది. ఎనిమిది నెలలుగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటున్నా. ఎయిర్ పిస్టల్ శబ్దం పెద్దగా ఉండదు, 'టప్' మంటుంది అంతే. అందుకే చెవుల గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు. పారిస్ ఒలింపిక్స్‌లో జేబులో చెయ్యి పెట్టుకుని కాల్చి మీమ్ అయిపోయిన టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్ గుర్తున్నాడా? ఏ హంగూ లేకుండా వచ్చాడని అందరం షేర్ చేశాం. ఆయన చెవుల్లో చిన్న పసుపు ఇయర్‌ప్లగ్స్ ఉన్నాయన్న సంగతి మాత్రం మనలో చాలామంది చూడలేదు.

మొన్న మొదటిసారి సర్ నన్ను పాయింట్ టూటూ పిస్టల్ లేన్ దగ్గరికి తీసుకెళ్లారు. రేంజ్‌లో ఇచ్చే ఇయర్‌మఫ్స్ పెట్టుకున్నా. సర్ వెనక నుంచి ఏదో చెప్తున్నారు, పెదాలు కదులుతున్నాయి గానీ వినపడట్లేదు. "ఏంటి సర్?" అంటూ ఎడమవైపు మఫ్ కొంచెం ఎత్తా. సరిగ్గా అదే సెకనులో పక్క లేన్‌లో పేలింది.

నొప్పి లేదు. కానీ ఎడమ చెవిలో సన్నగా ఈల మొదలైంది. ఇంటికొచ్చేదాకా ఉంది, రాత్రి ఫ్యాన్ ఆపితే ఇంకా గట్టిగా వినిపించింది. రెండో రోజు సాయంత్రానికి తగ్గింది. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ తీయించుకుంటే నార్మల్ వచ్చింది. "ఈసారికి బతికిపోయావు" అన్నారావిడ. లోపలి చెవిలోని సూక్ష్మమైన హెయిర్ సెల్స్ ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవట.

నాకు భయం వేసింది ఆ మాటకి కాదు. మా తాతయ్యకి.

తాతయ్యది ఖమ్మం వైపు పల్లె. కుర్రతనంలో 12 బోర్ తుపాకీతో వేటకి వెళ్లేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ సరదా ఆగిపోయింది. ఇప్పుడు ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటారు. నానమ్మ "సరే" అంటే ఆయనకి "అరే" అని వినిపిస్తుంది, గొడవ మొదలవుతుంది. మేమంతా వయసు వల్ల అనుకున్నాం. చదివాక తెలిసింది: కుడి భుజానికి తుపాకీ ఆనించి కాల్చేవాళ్లకి గొట్టం చివర ఎడమ చెవికి దగ్గరగా ఉంటుంది, కుడి చెవి తల నీడలో ఉంటుంది. అందుకే ఎడమ చెవి ముందు పోతుంది. పైగా దెబ్బ మొదట తగిలేది 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. స, శ, ఫ లాంటి శబ్దాల బలమంతా పై ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది కాబట్టి ముందు పోయేవి అవే. యాభై ఏళ్లుగా మా ఇంట్లో జరుగుతున్న "సరే" గొడవకి మూలం ఇదే కావచ్చు.

ఇక అసలు పాఠం. డెసిబెల్ అనేది లాగరిథమిక్ స్కేల్ అని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాం, మర్చిపోయాం. 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు. అమెరికాలోని నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు, 88లో 4 గంటలు, 100లో 15 నిమిషాలే. తుపాకీ మోత ఈ లెక్కలోకే రాదు. చిన్న పాయింట్ టూటూ రైఫిల్ కూడా 140 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, పెద్ద తుపాకులు 170 కూడా దాటుతాయి. 85కి, 140కి తేడా 55 అని చిన్నచూపు చూడకండి, గాలి ఒత్తిడిలో అది దాదాపు 560 రెట్లు.

నాకు వెంటనే వచ్చిన ఐడియా మీకూ వచ్చే ఉంటుంది: నా దగ్గర నాయిస్ క్యాన్సిలింగ్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి కదా, అవి చాలవా? సర్‌ని అడిగితే, "అవి మెట్రోలో పెట్టుకో నాయనా" అన్నారు. ఆయన చెప్పింది కరెక్టే. ఆ టెక్నాలజీ ఏసీ హోరు, రైలు మోత లాంటి ఆగకుండా సాగే తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకి వ్యతిరేక తరంగం పుట్టిస్తుంది. తుపాకీ పేలుడు మిల్లీసెకన్లలో అయిపోతుంది. దాన్ని రద్దు చేసేంత తరంగం ఆ బుల్లి స్పీకర్ పుట్టించలేదు, పుట్టిస్తే అదే ఇంకో తుపాకీ అవుతుంది.

షూటింగ్ కోసం చేసిన ఎలక్ట్రానిక్ ఇయర్‌ప్లగ్ పని వేరు. నేనూ మొదట తప్పుగానే అర్థం చేసుకున్నా. పేలుడుని ఆపేది ఎలక్ట్రానిక్స్ కాదు, చెవిని బిగించి మూసే ఫోమ్ లేదా రబ్బర్ టిప్. అంటే ముందు అది మామూలు ఇయర్‌ప్లగ్. తర్వాత బయట ఒక మైక్, లోపల ఒక చిన్న స్పీకర్. మాటలు, అడుగుల చప్పుడు లాంటి చిన్న శబ్దాల్ని తీసుకుని లోపల వినిపిస్తుంది. పెద్ద శబ్దం రాగానే స్పీకర్ వినిపించేదాన్ని 82-85 డెసిబెల్స్ దగ్గర కట్టేస్తుంది. బ్యాటరీ అయిపోయినా రక్షణ పోదు, సర్ మాట వినపడటం మాత్రం పోతుంది.

ఇక్కడ మన సీఎస్ బుర్ర కొంచెం వాడా. చప్పట్ల శబ్దం రికార్డ్ చేసి పైథాన్‌లో చిన్న లిమిటర్ రాశా. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 శాంపిల్స్ బఫర్ పెడితే నిర్ణయం తీసుకోవడానికే 21 మిల్లీసెకన్లు పట్టింది. చప్పట్ల శిఖరం అప్పటికే దాటిపోయింది. ఫోన్ యాప్‌తో ఈ పని ఎందుకు కుదరదో అప్పుడు అర్థమైంది. మంచి పరికరాలు శాంపిల్ వెంట శాంపిల్ చూస్తాయి. ఇంకో తేడా కూడా ఉంది. చవకరకాలు పేలుడు రాగానే మొత్తం శబ్దం కట్ చేసి, కాసేపాగి మళ్లీ ఆన్ చేస్తాయి. ఆ మధ్యలో "స్టాప్" అని అరిచినా మీకు వినపడదు. మంచివి కట్ చేయవు, నొక్కి చిన్నది చేస్తాయి. కొనేముందు స్పెసిఫికేషన్‌లో 'కంప్రెషన్' అన్న మాట ఉందో లేదో చూడండి.

డబ్బా మీద ఉండే నంబర్ దగ్గర చాలామంది మోసపోతారు. అమెరికా పద్ధతిలో దాన్ని ఎన్‌ఆర్‌ఆర్ అంటారు, యూరప్ పద్ధతిలో ఎస్‌ఎన్‌ఆర్. ఒకే ప్లగ్‌కి సాధారణంగా ఎస్‌ఎన్‌ఆర్ పెద్దగా కనిపిస్తుంది, కాబట్టి ఒకదాని ఎన్‌ఆర్‌ఆర్‌ని ఇంకోదాని ఎస్‌ఎన్‌ఆర్‌తో పోల్చకండి. అసలు ఆ నంబర్ ల్యాబ్‌లో వచ్చింది. ఫోమ్ ప్లగ్స్‌కయితే దాన్ని సగం చేసి లెక్క వేసుకోమని నియోష్ సలహా. ఏ నంబరూ రాయని ఇయర్‌బడ్‌ని, రివ్యూలు ఎంత బాగున్నా, నేను ముట్టుకోను.

సగం ఎందుకంటే మనం సరిగ్గా పెట్టుకోం కాబట్టి. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. ఫోమ్ టిప్‌ని సన్నగా నలిపి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. మన గొంతు మనకే డ్రమ్ములోంచి వచ్చినట్టు ఉండాలి. మామూలు ప్లగ్ అయితే రెండు అరచేతులతో చెవులు మూసి తెరిచి చూడండి, తేడా పెద్దగా తెలియకపోతే బాగా కూర్చున్నట్టే. ఎలక్ట్రానిక్ వాటికి ఈ పరీక్ష ఆఫ్‌లో ఉంచి చేయాలి. ఫిట్ అంత ముఖ్యమా అంటే, అమెరికా సైనికులు వాడిన కంబాట్ ఆర్మ్స్ ప్లగ్స్ కేసు ఉంది. అవి పొట్టిగా ఉండి, తెలియకుండానే వదులవుతున్నాయని లక్షల మంది కేసులు వేశారు. 2023లో 3ఎం కంపెనీ 600 కోట్ల డాలర్లకి సెటిల్‌మెంట్ ఒప్పుకుంది, తప్పు ఒప్పుకోలేదనుకోండి.

మఫ్సా, ఇన్-ఇయరా? మన ఎండల్లో మఫ్స్ కింద చెమట కారిపోతుంది. కళ్లజోడు ఉంటే దాని కాడ దగ్గర సందు పడి సీల్ పోతుంది. రైఫిల్‌కి చెంప ఆనిస్తే మఫ్ తగిలి పక్కకి జరుగుతుంది. ఈ మూడింటికీ ఇన్-ఇయర్ మంచిది. ఇండోర్ రేంజ్‌లో మాత్రం గోడల నుంచి మోత తిరిగొస్తుంది కాబట్టి రెండూ వాడమంటారు. రెండు నంబర్లూ కూడకండి, ఎక్కువ ఉన్నదానికి ఇంకో 5 డెసిబెల్స్ కలుస్తాయంతే. అప్పుడు కూడా లోపల ఎలక్ట్రానిక్, పైన మామూలు మఫ్ పెడితే మైక్ మూసుకుపోయి డబ్బు దండగ. లోపల మామూలు ఫోమ్, పైన ఎలక్ట్రానిక్ మఫ్ పెట్టి వాల్యూమ్ పెంచుకోవాలి.

ఇంత చదివి, వాల్యూమ్ బటన్ రంగు కూడా సెలెక్ట్ చేసుకుని, సర్‌కి లింక్ పంపా. ఒక్క లైన్ రిప్లై వచ్చింది: "మ్యాచ్‌లో వేసుకోనివ్వరు, రూల్ బుక్ చదివావా?"

చదవలేదు. ఐఎస్‌ఎస్‌ఎఫ్ రూల్స్‌లో స్పష్టంగా ఉంది. శబ్దాన్ని తగ్గించే పరికరాలే వాడాలి, షూటర్ చెవుల్లో రిసీవింగ్ డివైస్ ఏదీ ఉండకూడదు. బ్లూటూత్ ఉన్న ప్లగ్‌లో కోచ్ సలహాలు చెప్పొచ్చు కదా మరి. అంటే నాలాగా మ్యాచ్‌లకి వెళ్దామనుకునేవాళ్లు వంద డాలర్ల నుంచి ఐదు వందల డాలర్ల దాకా పోసి కొన్నా, అసలు రోజున బ్యాగ్‌లోనే ఉంచాలి. ప్రాక్టీస్‌లో ఒకటి, మ్యాచ్‌లో ఇంకోటి అలవాటవ్వడం నాకు నచ్చలేదు.

మరి ఎవరికి పనికొస్తుంది? కోచ్‌లకి, రోజంతా పేలుళ్ల మధ్య ఉండి మాటలు వినాల్సినవాళ్లకి. పంటలు పాడుచేసే అడవి పందుల్ని ప్రభుత్వ అనుమతితో కాల్చే లైసెన్స్ షూటర్లకి ఇంకా ఎక్కువ. రాత్రి చేలో అలికిడి వినాలి, పక్కన మనిషి ఎటున్నాడో తెలియాలి, అలాగని చెవులు తెరిచి ఉంచితే మా తాతయ్య కథే. వాళ్లు గాలి హోరు తగ్గించే మైక్ ఉన్నది, చీకట్లో తడిమి తిప్పగలిగే బటన్ ఉన్నది చూసుకోవాలి.

నేను చివరికి ఒక డబ్బా ఫోమ్ ప్లగ్స్, ఒక మామూలు మఫ్ కొన్నా. సర్‌తో ఒక ఒప్పందం కుదిరింది: నాతో ఏదైనా చెప్పాలంటే భుజం మీద తడతారు, నేను పిస్టల్ ఖాళీ చేసి కింద పెట్టి, లేన్ వదిలి తలుపు బయటికి వస్తా. అక్కడే మఫ్ తీస్తా. వచ్చే ఆదివారం తాతయ్యని కూడా ఆడియోగ్రామ్‌కి తీసుకెళ్తున్నా. "నాకు బానే వినపడుతుందిరా" అంటున్నారు, కుడి చెవి నా వైపు తిప్పి.