పొందికైన జీవనం

పాఠ్యభాగ ఉద్దేశం

కాలాన్ని, ఇంటిని, ధనాన్ని క్రమపద్ధతిలో వినియోగించుకొనే సులభ మార్గాలను విద్యార్థులకు తెలియజేయడం, లెక్క రాసుకొనే అలవాటు వెనుక ఉన్న నైతిక విలువను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారి వంటింట్లో పోపుల పెట్టె చిన్న వస్తువు. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు దేని గిన్నెలో అవి ఉంటాయి. నూనె కాగిన తరువాత ఆవాల కోసం వెదకడానికి వ్యవధి ఉండదు. చూపు మూకుడు మీద ఉండగానే చేయి ఆవాల గిన్నెను చేరుతుంది. ఆ క్షణంలో కనిపించే నేర్పు అంతకు ముందే తీరిక వేళలో చేసిన అమరిక వల్ల కలిగినది. అవసరం రాకముందే ఏర్పాటు చేసుకోవడం, దేని చోట దానిని ఉంచడం, ఎంత ఉన్నదో ఎరిగి ఉండటం అనే గుణాలనే పెద్దలు ‘పొందిక’ అన్నారు. వంటింటికి పనికివచ్చే ఈ గుణం కాలానికీ ధనానికీ కూడా పనికివస్తుంది.

మన ప్రాచీనులు ఈ గుణాన్ని చాలా గౌరవించారు. మహాభారతం అరణ్యపర్వంలో సత్యభామ ద్రౌపదిని కలుసుకొని, పాండవుల ఆదరాన్ని ఆమె ఎట్లా పొందగలిగినదో చెప్పమని అడుగుతుంది. మందులో, మంత్రాలో కారణమేమోనన్న ఊహను ద్రౌపది గట్టిగా నిరాకరిస్తుంది. తన దినచర్యను వివరిస్తుంది. ఇంద్రప్రస్థంలో ఉన్న కాలంలో పరిచారకుల అన్నవస్త్రాలను తానే విచారించేదాన్నని, ధర్మరాజు ఆదాయవ్యయాలు తనకొక్కతెకే తెలుసునని, కోశాన్ని తానే కనిపెట్టి ఉండేదాన్నని చెబుతుంది. ఒక మహారాణి తన గొప్పతనంగా చెప్పుకొన్న విషయాలలో జమాఖర్చుల పరిజ్ఞానం కూడా ఉండటం గమనింపదగినది.

విద్యార్థి దశలో ఈ గుణాన్ని అలవరచుకొన్నవారిలో గాంధీజీ ముఖ్యులు. ఆయన న్యాయశాస్త్రం చదవడానికి 1888లో లండన్ వెళ్ళారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు ఇంకా నిండలేదు. అనగా ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి కంటె ఒకటి రెండేండ్లు మాత్రమే పెద్ద. ఆ మహానగరంలో మొదట ఆయన కూడా నాగరికుడుగా కనిపించాలని తాపత్రయపడ్డారు. పది పౌండ్లు పోసి దుస్తులు కుట్టించుకొన్నారు. నాట్యం, వయొలిన్, ఉపన్యాస కళ నేర్చుకోవడానికి డబ్బు చెల్లించారు. అద్దం ముందు నిలబడి మెడపట్టీ సరిచేసుకోవడానికి రోజూ పది నిమిషాలు వెచ్చించారు. ఈ మోజు సుమారు మూడు నెలలు సాగింది.

ఆ రోజులలోనూ ఆయన ఒక మంచి అలవాటును విడువలేదు. బండి కిరాయి, తపాలా బిళ్ళ, పత్రికకు పెట్టిన చిల్లర వంటి ప్రతి చిన్న ఖర్చునూ రాసుకొని, రాత్రి పడుకొనే ముందు నిలవ సరిచూసుకొనేవారు. తన డబ్బు ఎక్కడికి పోతున్నదో ఆ లెక్కలే ఆయనకు చూపించాయి. ఖర్చును సగానికి తగ్గించుకోవాలని నిశ్చయించుకొన్నారు. ఒక కుటుంబంతో కలిసి ఉండటం మానివేసి, పనిచోటికి అరగంటలో నడిచి చేరగలిగిన చోట గదులు తీసుకొన్నారు. బండి కిరాయి మిగిలింది. రోజూ ఎనిమిది, పది మైళ్ళ నడక వల్ల ఆరోగ్యం కూడా చేకూరింది.

తరువాత ఆయన లండన్ మెట్రిక్యులేషన్ పరీక్షలో లాటిన్ భాషలో తప్పారు. మళ్ళీ పరీక్షకు సిద్ధపడుతూ తన జీవన విధానాన్ని పునఃపరిశీలించుకొన్నారు. ఇంటి వద్ద ఎన్నో ఇబ్బందులు పడుతూ, అడిగినప్పుడల్లా డబ్బు పంపుతున్న అన్నగారు గుర్తుకువచ్చి ఆయన మనస్సు కలత చెందింది. రెండు గదులకు బదులు వారానికి ఎనిమిది షిల్లింగుల అద్దెకు ఒకే గది తీసుకొన్నారు. ఒక పొయ్యి కొనుక్కొని ఉదయం ఓట్స్ జావ తామే కాచుకొన్నారు. దానికి ఇరవై నిమిషాలకు మించి పట్టేది కాదు. రోజుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో భోజనం గడిచింది. ఆ నిరాడంబరత వల్ల చదువుకు ఎంతో సమయం చిక్కింది. రెండవసారి పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఇల్లు చక్కబడితే డబ్బు, డబ్బు చక్కబడితే కాలం ఎట్లా చేతికి వస్తాయో ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

కాలం విషయంలో కౌటిల్యుని అర్థశాస్త్రం చక్కని మార్గం చూపింది. రాజు పగటిని ఎనిమిది భాగాలుగా, రాత్రిని ఎనిమిది భాగాలుగా విభజించుకోవాలని అది నిర్దేశించింది. పగటి తొలి భాగంలోనే రాజ్యరక్షణ ఏర్పాట్లతో పాటు ఆదాయవ్యయాలను వినాలన్నది. స్నానభోజనాలకు, స్వాధ్యాయానికి, నిద్రకు వేళలు ఏర్పరచింది. స్వేచ్ఛా విహారానికీ ఒక భాగం విడిచిపెట్టింది. తన శక్తిని బట్టి ఈ విభాగాన్ని మార్చుకోవచ్చునని కూడా చెప్పింది. కాలపట్టిక వేసుకొని రెండు రోజులలో విడిచిపెట్టే విద్యార్థులు ఈ చివరి రెండు మాటలనూ గుర్తుంచుకోవాలి. ఆటకూ విశ్రాంతికీ చోటులేని పట్టిక నిలువదు. ఇతరుని శక్తికి తగిన పట్టిక తనకు సరిపోదు.

ఆచరణకు సులభమైన పద్ధతి ఒకటి ఉన్నది. రాత్రి పడుకొనే ముందు మరునాడు తప్పక చేయవలసిన మూడు పనులను ఒక కాగితం మీద రాసుకోవాలి. వాటిలో కష్టమైన దానిని మనస్సు తేటగా ఉండే వేళకు కేటాయించాలి. కొందరికి అది తెల్లవారుజాము, కొందరికి సాయంకాలం. పూర్వులు రోజును అరవై ఘడియలుగా లెక్కించారు. ఘడియ అనగా ఇరవై నాలుగు నిమిషాలు. ఒక ఘడియ సేపు ఫోనును పక్క గదిలో ఉంచి చదివి, కొంచెం విరామం తీసుకొని, మరల ఒక ఘడియ చదవడం ఎవరికైనా సాధ్యమే. మిగిలిపోయిన పనిని మరునాటి కాగితంలో మొదట రాసుకోవాలి. ఒకే పని వరుసగా నాలుగు రోజులు మిగిలిపోతే, అది పెద్ద పని అని గ్రహించి చిన్న చిన్న భాగాలుగా విడదీసుకోవాలి.

ఇక ఇంటి సంగతి. ‘ఇల్లు చూసి ఇల్లాలిని చూడు’ అనే సామెత ఈ భారాన్ని ఒక్కరి మీదనే మోపింది. ఇంట్లో ఉండేవారందరూ వస్తువులు వాడుతున్నప్పుడు, వాటిని సర్దే బాధ్యత కూడా అందరిదీ అవుతుంది. తీసిన వస్తువును తీసినచోటనే పెట్టడం, కొత్త వస్తువు కొనేముందు దానికి ఇంట్లో చోటెక్కడో ఆలోచించడం, వాడని వస్తువును అటక ఎక్కించకుండా అవసరమైనవారికి ఇవ్వడం అనే నియమాలు ఏ ఇంటికైనా చాలు. వసతిగృహంలో ఒక్క పెట్టెతో ఉండే విద్యార్థికీ ఇవే వర్తిస్తాయి.

ఇంట్లోని వస్తువులన్నింటిలో కాగితాలు ప్రత్యేకమైనవి. పూర్వం ఇళ్ళలో ఉత్తరాలను, రసీదులను ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు. కావలసిన కాగితం కొద్దిసేపటిలో దొరికేది. ఇప్పుడు పదవ తరగతి మార్కుల మెమో, బదిలీ పత్రం, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం వంటివి విద్యార్థి భవిష్యత్తుతో ముడిపడి ఉన్నాయి. కౌన్సెలింగు నాటి ఉదయం వీటిలో ఒకదాని కోసం పరుపుల కింద, పాత సంచులలో వెదకవలసిన స్థితి ఏ ఇంటికీ రాకూడదు. అన్నింటినీ ఒకే సంచిలో ఉంచి, ఏమేమి ఉన్నవో పైన జాబితా రాసి, నకళ్ళను వేరొకచోట భద్రపరచాలి. ఆ సంచి ఎక్కడ ఉన్నదో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

ధనం విషయంలో మన వర్తకులు, కరణాలు ఏర్పరచుకొన్న పద్ధతి నేటికీ పనికివస్తుంది. ఏ రోజు జమాఖర్చులు ఆ రోజు రాసే పుస్తకం చిట్టా. వాటినే పద్దుల వారీగా విడదీసి రాసే పుస్తకం ఆవర్జా. విద్యార్థికి ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ముందు పేజీలలో జమ, ఖర్చు, నిలవ అని మూడు గడులు గీసుకోవాలి. రాత్రివేళ చేతిలోని డబ్బునూ పుస్తకంలోని నిలవనూ సరిచూసుకోవాలి. తేడా వస్తే దానిని దాచకుండా ‘లెక్క తెలియనిది’ అని రాయాలి. నెలాఖరున తిండి, ప్రయాణం, పుస్తకాలు, ఫోను, సరదాలు అనే పద్దుల కింద మొత్తాలు వేస్తే ఎవరూ మందలించనక్కరలేకుండా ఆ పుస్తకమే హితవు చెబుతుంది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత ఫోను ద్వారా చెల్లింపు క్షణాలలో ముగుస్తున్నది. జేబులో నోటు తరిగినట్లు కంటికి కనిపించదు. కనుక లెక్క రాయవలసిన అవసరం ఇప్పుడు మరింత పెరిగింది.

పొదుపు ఎప్పుడు చేయాలన్న ప్రశ్నకు రైతు ఏనాడో సమాధానం చెప్పాడు. పంట ఇంటికి రాగానే మరుసటి ఏటికి కావలసిన విత్తనపు గింజలను వేరుచేసి, తక్కిన ధాన్యాన్నే తిండికి వాడుకొనేవాడు. ఎంత ఇబ్బంది వచ్చినా ఆ గింజల జోలికి పోయేవాడు కాడు. తిన్న తరువాత మిగిలితే విత్తనం దాచుదామనుకొన్న ఇంట పొలం బీడువడుతుంది. చేతికి డబ్బు రాగానే, అది కొద్ది మొత్తమైనా, ముందుగా కొంత తీసి పక్కన పెట్టడం ఇటువంటిదే. పదేండ్లు నిండినవారు బ్యాంకులో తమ పేర పొదుపు ఖాతాను స్వయంగా నడుపుకొనడానికి భారతీయ రిజర్వు బ్యాంకు 2014లో వీలు కల్పించింది.

చిన్న మొత్తాల బలాన్ని నెల్లూరు జిల్లా మహిళలు నిరూపించారు. 1992లో ఆ జిల్లాలోని దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా వ్యాపించి, 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధానికి దారితీసింది. ఆ చైతన్యం పొదుపు వైపు మళ్ళింది. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచే సంఘాలు ఊరూరా ఏర్పడ్డాయి. రోజుకు రూపాయి చొప్పున పదిహేనుమంది దాచితే ఏడాదికి 5,475 రూపాయలు అవుతాయి. ఒకరికి అది స్వల్పమే. పదిహేనుమందికి అది అవసరం వచ్చినప్పుడు పరుల గుమ్మం తొక్కనవసరంలేని ధైర్యం.

ఆ ధైర్యం విలువ అప్పు లెక్క వేస్తే తెలుస్తుంది. ‘నూటికి మూడు రూపాయల వడ్డీ’ అన్నమాట వినడానికి తేలికగానే ఉంటుంది. అది నెలకు మూడు రూపాయలు. పదివేల అప్పుకు నెలకు 300, ఏడాదికి 3,600 రూపాయలు వడ్డీ అవుతుంది. మూడేండ్లు నిండకముందే కట్టిన వడ్డీ అసలును మించిపోతుంది. అసలు మాత్రం అట్లాగే ఉంటుంది. ఫోనులో నిమిషాలలో అప్పిస్తామనే యాప్‌లలో కొన్ని ఇంతకంటె ఎక్కువ వసూలు చేస్తాయి. అట్టి అప్పు చేసేముందు ఇంట్లో పెద్దలకు చెప్పడానికి సంకోచం కలిగితే, ఆ సంకోచమే ఆ అప్పు తగదనడానికి గుర్తు. చిక్కులో పడినవారు కూడా దాచిపెట్టక వెంటనే చెప్పుకోవడం మేలు. చెప్పుకొన్న చిక్కుకు ఉపాయం దొరుకుతుంది.

లెక్క చూసుకొనేవాడు లోభి అని కొందరు పొరపడతారు. లోభి డబ్బును ప్రేమిస్తాడు. పొందిక కలవాడు ఆ డబ్బు వెనుక ఉన్న శ్రమను గౌరవిస్తాడు. విద్యార్థి చేతిలోని ప్రతి రూపాయి వెనుక తండ్రి ఎండలో చేసిన సేద్యమో, తల్లి కుట్టుమిషను మీద వంగిన రాత్రులో ఉండవచ్చు. గాంధీజీ లండన్ గదిలో రాసిన లెక్కల వెనుక అన్నగారి కష్టం ఉన్నట్లే ఇది. తరువాతి కాలంలో లక్షల రూపాయల ప్రజాధనం ఆయన చేతుల మీదుగా నడిచింది. తాను నడిపిన ఉద్యమాలకు అప్పులు మిగలకపోవడానికి ఆ పాత అలవాటే కారణమని ఆయన ఆత్మకథలో చెప్పుకొన్నారు. చిల్లర డబ్బులకు లెక్క చెప్పగలిగిన విద్యార్థిని నమ్మి, దేశం తన ధనాన్ని అప్పగించింది.

పదాలు – అర్థాలు

పొందిక : చక్కని అమరిక
కోశం : ధనాగారం
తాపత్రయం : ఆరాటం
నిరాడంబరత : ఆర్భాటం లేకపోవడం
ఉదంతం : వృత్తాంతం
స్వాధ్యాయం : స్వయంగా చేసే అధ్యయనం
చిట్టా : రోజువారీ లెక్కల పుస్తకం
ఆవర్జా : పద్దుల వారీ లెక్కల పుస్తకం
బీడు : సాగు లేని నేల
లోభి : పిసినారి

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. గాంధీజీ విద్యార్థి జీవితంలో లెక్కలు రాసుకొనే అలవాటు తెచ్చిన మార్పును వివరించండి.
2. ధనాన్ని క్రమపద్ధతిలో వినియోగించుకొనే మార్గాలను పాఠం ఆధారంగా తెలపండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ద్రౌపది సత్యభామకు చెప్పిన దినచర్యలోని విశేషాలేవి?
2. కాలపట్టిక విషయంలో విద్యార్థులు గుర్తుంచుకోవలసిన రెండు మాటలేవి?
3. విత్తనపు గింజల ఉదాహరణ పొదుపుకు ఎట్లా వర్తిస్తుంది?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఒక ఘడియకు ఎన్ని నిమిషాలు?
2. సారా వ్యతిరేకోద్యమం ఏ జిల్లాలో మొదలైనది?

IV. వ్యాకరణాంశాలు
1. వ్యతిరేకోద్యమం = వ్యతిరేక + ఉద్యమం : గుణసంధి
2. స్వాధ్యాయం = స్వ + అధ్యాయం : సవర్ణదీర్ఘ సంధి
3. ఆదాయవ్యయాలు : ఆదాయమును, వ్యయమును – ద్వంద్వ సమాసం
4. రాజ్యరక్షణ : రాజ్యము యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

V. ప్రాజెక్టు పని
ఒక నెలపాటు మీ జమాఖర్చుల చిట్టా రాయండి. నెలాఖరున పద్దుల వారీగా విడదీసి, మీరు గమనించిన విషయాలను పది వాక్యాలలో రాయండి.