అభిషేకం తేనె పసిబిడ్డకి పెట్టొచ్చా?

మొన్న కొత్తపేటలో మా అక్క కూతురి బారసాల. పూజయ్యాక అమ్మమ్మ ఉద్ధరిణెతో పంచామృతం పాప నోట్లో వెయ్యబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "తేనెలో పురుగూ పుట్రా బతకవని నువ్వే చెప్పావుగదరా?" అంది.

చెప్పిన మాట నిజమే. తేనెలో నీరు 17-18 శాతమే ఉంటుంది. మిగతాదంతా దాదాపు చక్కెరే కాబట్టి, అందులో పడ్డ సూక్ష్మజీవిలోని తేమని లాగేస్తుంది. పైగా ఆమ్ల గుణం, పీహెచ్ సుమారు 4. తేనెటీగ కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్, తేనెలో నీరు కలిసినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తుంది. గాయాలకి శుద్ధి చేసిన తేనె వాడేది అందుకే.

కానీ క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా తేనెలో నిద్రపోతుంది. పెరగదు, చావదు. మరిగించినా పోదు. పెద్దల పేగుల్లో మంచి బాక్టీరియా దాన్ని మొలకెత్తనివ్వవు. ఏడాది నిండని బిడ్డకి ఆ కాపలా ఇంకా కుదరదు. అది మొలకెత్తి విషం వదిలితే మలబద్ధకం, నీరసమైన ఏడుపు, పాలు లాగలేకపోవడం, మెడ వాలిపోవడం, చివరికి ఊపిరి కష్టం. ఈ లక్షణాలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలండీ.

"మీ అందరికీ నాకించానురా, ఏమైంది?" అంది అమ్మమ్మ. జాతకర్మలో తేనె, నెయ్యి తాకించడం పాత ఆచారమే. జబ్బు కూడా అరుదే. కానీ ఏ సీసాలో ఉందో చూసి చెప్పలేం. వందసార్లు నడిచిన కోడ్‌లో బగ్ లేదని నేనైతే సంతకం పెట్టను!

బాలింత తింటే పాల ద్వారా బిడ్డకి రాదని చెప్పాను. అమ్మమ్మ కాసేపు మూతి ముడుచుకుని, పాప మీద అక్షింతలు వేసి, పంచామృతం అక్క చేతిలో పోసింది.